పీచు వాటం: చెల్లెలి పెళ్లి కాగితాల డైరీ

పెళ్లికి 74 రోజులు

నిన్న శివరాత్రి. చలి శివశివా అంటూ వెళ్లిపోయే రోజు అంటారు గానీ, మా అనంతపురంలో అది సంక్రాంతి దాటిన వారానికే చెప్పాపెట్టకుండా పోయింది. మధ్యాహ్నానికి మిద్దె మీద గచ్చు అప్పుడే కాలుతోంది.

చెల్లెలి పెళ్లి వైశాఖంలో. శుభలేఖలు ఇంట్లోనే చేస్తానని నిన్న జాగరణలో, అందరూ సగం నిద్రలో ఉన్నప్పుడు ప్రకటించాను. ఎవరూ అడ్డు చెప్పలేదు. తెల్లవారాక అమ్మకు గుర్తొచ్చి "ఎన్ని చేస్తావు?" అంది. నూట ఎనభై అన్నాను. "లేపాక్షి కల్యాణ మండపం కట్టకుంటే చాలు" అన్నాడు నాయన, పేపర్లోంచి తల ఎత్తకుండా.

ఆ మాట మా ఇంటి సామెత. లేపాక్షి వీరభద్రస్వామి గుడి వెనక పదహారో శతాబ్దం నాటి కల్యాణ మండపం ఉంది. పని మధ్యలో ఆగిపోయింది. చెక్కిన స్తంభాలన్నీ నిలబడి ఉంటాయి, పైన కప్పు ఉండదు. కట్టించిన విజయనగర కాలపు అధికారి విరూపణ్ణ కథ మా వైపు పిల్లలకు కూడా తెలుసు. నేను ఎనిమిదో తరగతిలో మొదలుపెట్టి మెడ దగ్గర ఆపేసిన ఊలు స్వెట్టర్ మొదలుకొని నిరుడు అటక ఎక్కించిన క్విల్లింగ్ (సన్నటి కాగితపు పట్టీలు చుట్టి బొమ్మలు చేసే పని) పెట్టె దాకా అన్నింటికీ నాయన పెట్టిన పేరు అదే.

రాసుకున్నవి: శుభలేఖలు 180, విసనకర్రలు 250, బాసికాలు రెండు, పందిరికి రంగు కాగితాల తోరణాలు, పెళ్లి పీటల వెనక తెరకు కనకాంబరాల మాలలు, వాకిట్లో పేర్ల బోర్డు. బయట చేయిస్తే శుభలేఖ ఒక్కోటి 22 రూపాయలన్నారు. మొత్తం 3,960. ఇంట్లో చేస్తే అందులో సగానికే వస్తుందని లెక్క వేశాను. నేను బడిలో లెక్కల టీచర్ని. ఈ వాక్యం ఇక్కడ ఉండనివ్వండి, చివర్లో పనికొస్తుంది.

పెళ్లికి 71 రోజులు

కుంకుమ రంగు ఏ4 అట్ట కాగితం వంద షీట్లు తెచ్చాను. 300 జీఎస్‌ఎం. అంటే ఒక చదరపు మీటరు కాగితం 300 గ్రాములు తూగుతుంది. మనం జిరాక్స్ తీసేది 75, 80 ఉంటుంది కాబట్టి ఇది దానికి దాదాపు నాలుగింతల మందం. సగానికి మడిస్తే చక్కటి శుభలేఖ అవుతుందని వీడియోలో ఒక అమ్మాయి నవ్వుతూ చెప్పింది.

మడిచాను. మడత మీద ఎర్ర రంగు పగిలి లోపలి తెలుపు బయటపడింది, ఎండాకాలం మడమ పగిలినట్టు. రీఫిల్ అయిపోయిన బాల్‌పెన్నుతో ముందు గాడి గీసి మడిచాను. పగిలింది. స్టీలు స్కేలు ఆనించి మడిచాను. ఇంకా తిన్నగా పగిలింది. పదకొండు షీట్లు ఇలా పోయాక తలుపు దగ్గర నాయన నిలబడి ఉండడం చూశాను.

ఆయన ఏమీ అనలేదు. ఒక షీటు తీసుకుని నిలువుగా కొంచెం వంచాడు, తర్వాత అడ్డంగా వంచాడు, నా చేతికి ఇచ్చాడు. "ఎటు వంచితే ఎదురుతిరుగుతోంది?" నిజమే. ఒకవైపు బట్టలా ఒరిగింది, ఇంకోవైపు రేకులా బిగిసింది.

"పీచు వాటం" అన్నాడు.

మిల్లులో గుజ్జు జల్లెడ మీద పరుగెత్తేటప్పుడు అందులోని పీచు యంత్రం నడిచే దిశలోనే వరుసగా పడుకుంటుంది. ఆ పీచు వెంబడి మడిస్తే కాగితం లొంగుతుంది. పీచుకు అడ్డంగా మడిస్తే ఒక్కో పీచునూ విరవాలి. వెదురు నిలువునా చీలినంత తేలిగ్గా అడ్డంగా విరగదు కదా, అదే సంగతి. ఏ4 కాగితంలో పీచు సాధారణంగా పొడుగు వైపు ఉంటుంది. దాన్ని సగానికి మడిచే మడత మాత్రం పొట్టి వైపుకు పోతుంది. పైగా మా ఊరి పొడిగాలికి కాగితంలో ఉన్న కాస్త తేమా ఆరిపోయి ఇంకా పెళుసవుతుంది.

నాయన 31 ఏళ్లు ఒక ప్రెస్సులో బైండింగ్ చేశాడు. ఆఫీసు రిజిస్టర్లు, కాలేజీ రికార్డు పుస్తకాలు, కిరాణా కొట్ల ఖాతా పుస్తకాలు. నేను ఆ కత్తిరింపు ముక్కల మీద లెక్కలు చేస్తూ పెరిగాను. వీడియోలు చూసి కాగితం మడవడం నేర్చుకుంటున్నాను.

"ముందే చెప్పొచ్చు కదా నాయనా?"

"నువ్వు ఫోనులో వాళ్లను అడుగుతూ ఉంటివి."

పెళ్లికి 66 రోజులు

మిగిలిన 89 షీట్లు బీరువా కింద దాచాను. ఈసారి నాయనను వెంట తీసుకుని పాతూరు వెళ్లాను. 22 అంగుళాలు, 28 అంగుళాల పెద్ద షీట్లు కొన్నాం. శుభలేఖ మడిచాక 5 × 7, విప్పితే 10 × 7. షీటు 22 వైపు రెండు పదులు, 28 వైపు నాలుగు ఏడులు, మొత్తం ఎనిమిది ముక్కలు. షీటును తిప్పి కోస్తే ఆరే వస్తాయి, పైగా మడతలు పీచుకు అడ్డం పడతాయి. నేను కాగితం మీద గీసి చూపించేలోపు ఆయన షీటును వంచి చూసి, కొట్టు అబ్బాయికి "ఇటు కొయ్యండి" అని చేత్తోనే చూపించాడు. 25 షీట్లకు 200 ముక్కలు. ఇరవై తప్పులకు చోటుంది. మూట మూడు కిలోలు తూగింది.

ఇంటికి వచ్చాక పాత రేకు పెట్టెలోంచి ఎముకతో చేసిన చదునైన పలక ఒకటి తీశాడు. వేలి మందం ఉంటుంది. అంచు వాడివాడి అద్దంలా నున్నబడింది. మడత మీద దాన్ని ఒక్కసారి లాగితే చాలు. రెండోసారి లాగితే మడత మెరుస్తుంది, అలా మెరిస్తే పని తెలియనివాడి చేయి అని ఆయన లెక్క. మొదటి గంటలో నేను 22 మడిచాను, మెరిసినవి తొమ్మిది. ఆయన కాఫీ తాగుతూ 60 మడిచాడు.

పెళ్లికి 60 రోజులు

రంగుల మీద యుద్ధం.

తెలుగు శుభలేఖ తెరిస్తే "జానక్యాః కమలామలాంజలిపుటే" అన్న శ్లోకం చాలాచోట్ల ఉంటుంది. పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను, ఎప్పుడూ చదవలేదు. ఈసారి కూర్చుని చదివాను. అది మొత్తం రంగుల శ్లోకమే. తలంబ్రాల ముత్యాలు సీత దోసిట్లో ఉన్నప్పుడు ఎర్రగా పద్మరాగాల్లా ఉన్నాయట. రాముడి తల మీద పడగానే తెల్లటి మల్లెల్లా కనబడ్డాయట. ఆయన నల్లని ఒంటి మీదుగా జారేటప్పుడు ఇంద్రనీలాలయ్యాయట. అవే ముత్యాలు, చోటును బట్టి మూడు రంగులు. ఇంతకంటే మంచి డిజైను ఇంకెక్కడ దొరుకుతుంది? పైన ఎరుపు, లోపల తెలుపు, అట్టడుగున ముదురు నీలం పొర. నమూనా చేసి అవ్వకు చూపించాను.

"పెళ్లిపత్రికకు నలుపేమి?"

"నలుపు కాదవ్వా, ఇంద్రనీలం."

"ఇంద్రనీలమో చంద్రనీలమో, అద్దాలు తీసి చూస్తే నలుపే. పదిమంది చేతికి పోయే కాగితం అది."

శ్లోకం చదివి అర్థం చెప్పాను. అవ్వ కళ్లు మూసుకుని నాలుగు పాదాలూ నాకంటే స్పష్టంగా చదివింది. మాట మాత్రం మార్చుకోలేదు. అమ్మ అవ్వ పక్షం, చెల్లెలు నా పక్షం. పెళ్లికూతురి మాట ఈ ఇంట్లో ఆఖరున వింటారు. చివరికి నీలం పొర పోయి నీలం చుక్క మిగిలింది. మడత పక్కన మూడు చుక్కలు, ఒక్కోటి మిరియం గింజంత. పైన ఎరుపు, మధ్యలో తెలుపు, కింద నీలం. 3 మిల్లీమీటర్ల కాగితపు పట్టీని బిగుతుగా చుట్టి అతికించినవి. ఎర్ర అట్ట మీద ఎర్ర చుక్క అసలు కనబడదు, వేలికి తగులుతుంది. నాకు అదే ఎక్కువ నచ్చింది. అవ్వతో పోరాడకపోతే నాకీ ఆలోచన వచ్చేది కాదు. ఈ మాట ఆమెకు చెప్పలేదు.

అంటే 180 × 3, మొత్తం 540 చుక్కలు. అటక మీది క్విల్లింగ్ పెట్టె దిగింది.

పెళ్లికి 53 రోజులు

లోపలి తెల్ల కాగితం స్క్రీన్ ప్రింటింగుకు ఇచ్చాను. ప్రూఫులో "బంధుమిత్రుల అభినందనలతో" అన్నచోట ధకు వత్తు ఎగిరిపోయింది, "శుభలేఖ" కాస్తా "శుభలేక" అయింది. మంచిదేదీ లేక అన్నట్టు ఉంది. దిద్ది ఇస్తే రెండో ప్రూఫులో అవి సరిగ్గా వచ్చాయి, ముహూర్తంలో నిమిషాలు మాయమయ్యాయి. మూడోసారి నాయన ఒక్కో అక్షరాన్నీ వెనక నుంచి ముందుకు చదివాడు. ముందు నుంచి చదివితే కన్ను అర్థం వెంట పరుగెత్తి తప్పును దాటేస్తుందట. ఇది నా పిల్లల పరీక్ష పేపర్లకు కూడా వాడతాను.

పెళ్లికి 49 రోజులు

కవర్లు. రాయడానికి చేయి రావడం లేదు గానీ రాస్తాను.

పసుపు రంగు కవర్లు కొనడం ఎందుకు, ఇంట్లో పసుపు లేదా అనుకున్నాను. లీటరు వేడినీళ్లలో నాలుగు చెంచాల పసుపు, ఒక చెంచా పటిక పొడి. పలచటి గుడ్డలో రెండుసార్లు వడగట్టాలి, లేకపోతే నలకలు కుంచె వెంట గీతలు గీస్తాయి. 120 జీఎస్‌ఎం తెల్ల కాగితం మీద వెడల్పాటి కుంచెతో ఒకే దిశలో పూశాను. (పీచు వెంబడి. నేర్చుకున్నాను.) బ్రహ్మాండంగా వచ్చింది. పొద్దున అరవై షీట్లు మిద్దె మీద పరిచి, మూలలకు గులకరాళ్లు పెట్టి బడికి వెళ్లాను.

సాయంత్రానికి అవి పసుపు కాదు, ఎండిన వరిగడ్డి. పసుపులోని రంగు ఎండకు నిలవదు. రాళ్లు ఉన్నచోట మాత్రం గుండ్రంగా నిండు పసుపు అలాగే ఉంది. ఇవి చాలవన్నట్టు రెండు షీట్ల మీద ఎర్రటి వేలిముద్రలు. పోలీసు కాగితాల్లా ఉన్నాయి. అంట్లు తోముతూ మధ్యలో వచ్చి సబ్బు చేత్తో పట్టుకున్నది నేనే.

పెళ్లికి 48 రోజులు

ఆ వేలిముద్రలు చూసి అవ్వ నవ్వింది. "పసుపుకు సున్నం తగిలితే పారాణి కాదా? ఇన్ని చదువులు చదివి ఇది తెలియదా?"

తెలుసు. దిష్టి తీసే ఎర్రనీళ్లు కూడా అవే కదా. పసుపుకు క్షారం తగిలితే ఎర్రబడుతుంది, సున్నమైనా సబ్బయినా వంటసోడా అయినా. బడి సైన్సు పాఠంలోనూ ఉంది. తెలిసింది పనికి అడ్డం వచ్చేదాకా గుర్తుకు రాలేదు, అంతే.

రాత్రి తాంబూలం సున్నాన్ని నీళ్లలో పలచగా కలిపాను. ఒక పెద్ద రబ్బరు మీద అవ్వ పాత ధర్మవరం చీర అంచులోని మామిడి పిందెను చూసి చెక్కాను. సున్నపు నీళ్లలో అద్ది పసుపు కాగితం మీద నొక్కాను. తెల్లటి ముద్ర పడీ పడగానే కళ్ల ముందే ఎర్రబడింది. చెల్లెలు కేక పెట్టింది. పక్కింటి పిల్లలు పరుగెత్తుకు వచ్చారు. రాత్రి పదకొండు దాకా ఇంట్లో దొరికిన ప్రతి పసుపు ముక్క మీదా పిందెలే.

పొద్దున చూస్తే ఎరుపు కొంచెం దిగి ఇటుక రంగుకు వచ్చింది. నాకు ఇదే బాగుంది. మీద తేలిన తెల్లటి పొడిని పొడిగుడ్డతో దులిపేశాను. వెలిసిన అరవైకి మళ్లీ పసుపు పూసి ఈసారి గదిలో, ఫ్యాను కింద, కిటికీ మూసి ఆరబెట్టాను. ఎవరైనా చేయాలనుకుంటే ఒక్క మాట: చేతులకు తొడుగులు వేసుకోండి. నా కుడి బొటనవేలి చర్మాన్ని సున్నం తినేసింది. సుద్దముక్క పట్టుకోలేకపోతున్నాను.

పెళ్లికి 44 రోజులు

ఉగాది. పని లేదు. ఓళిగలు.

పెళ్లికి 40 రోజులు

పెళ్లిచీరకు ధర్మవరం వెళ్లాం. చీర సంగతి అమ్మా చెల్లెలూ చూసుకున్నారు, మూడున్నర గంటలు. నేనూ నాయనా ఆటో మాట్లాడుకుని నిమ్మలకుంట పోయి వచ్చాం. 2022లో జిల్లాలు విడదీశాక ధర్మవరం, నిమ్మలకుంట, లేపాక్షి అన్నీ శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లాయి. మా నోటికి ఇంకా అనంతపురమే.

నిమ్మలకుంట తోలుబొమ్మల ఊరు. 2020 సంవత్సరపు పద్మశ్రీ అందుకున్న దళవాయి చలపతిరావు గారిది ఈ ఊరే. మేము కూర్చున్న ఇంట్లో ఒకాయన నేల మీద మేకతోలు పరిచి హనుమంతుడి వడ్డాణానికి చిల్లులు కొడుతున్నాడు. తోలును గీకి ఆరబెడితే అది నూనె కాగితంలా వెలుతురును పంపిస్తుంది. రంగులు దాని గుండా మెరుస్తాయి. నగలు మాత్రం రంగుతో కాదు, చిల్లులతో వస్తాయి. వెనక దీపం పెడితే ఆ చిల్లులే ముత్యాలు. ఇప్పుడు బొమ్మలాటలకు పిలిచేవాళ్లు తగ్గి దీపపు గూళ్లు, గోడ పటాలు ఎక్కువ చేస్తున్నామని చెప్పాడు. నాయన ఆయన ఉలి చేతిలోకి తీసుకుని అంచు చూశాడు, ఆయనేమో మా నాయన వేళ్లు చూశాడు. తర్వాత ఇద్దరూ పావుగంట పదును పెట్టే రాళ్ల గురించి మాట్లాడుకున్నారు. నేను లేనట్టే.

తిరుగు రైల్లో ఒక నిర్ణయానికి వచ్చాను. విందు బల్లల మీద కాగితపు దీపపు గూళ్లు పన్నెండు, చిల్లులతో. జాబితాలో లేవు. నాయన కిటికీలోంచి చూస్తూ "లేపాక్షి" అన్నాడు.

పెళ్లికి 37 రోజులు

దీపపు గూళ్లు ఆరు అయ్యాయి. తోలు క్షమించినంతగా కాగితం క్షమించదు. రెండు చిల్లుల మధ్య ఒక చిల్లు వెడల్పంత ఖాళీ అయినా లేకపోతే చిరిగిపోతుంది. లోపల నిజం దీపం పెట్టకూడదు, బ్యాటరీ దీపాలే. సొంత లెక్కలో చూస్తే ఈ పెళ్లికి నేను చేసిన అన్నింటిలో ఇవే అందమైనవి, వీటినే ఎవరూ అడగలేదు.

పెళ్లికి 30 రోజులు

అమ్మ, చిన్నాయన వాళ్లు ఒంటిమిట్ట కోదండరాముడి కల్యాణానికి వెళ్లి వచ్చారు. అక్కడ కల్యాణం నవమి నాడు కాదు, పౌర్ణమికి, వెన్నెల్లో. కొంగున కట్టి తెచ్చిన తలంబ్రాలు దేవుడి గూట్లో పెట్టింది.

శుభలేఖలు అయిపోయాయి. 180 కాదు, 183. తప్పులకు పోయినవి 17. మొదటిది దేవుడి ముందు పెట్టారు. అవ్వ పసుపు గిన్నె తెచ్చి నాలుగు మూలలా అద్దడం మొదలుపెట్టింది. కవరంతా పసుపే కదవ్వా అంటే, "అది రంగు, ఇది పసుపు" అంది. నాకు జవాబు దొరకలేదు. నిజానికి నా సున్నం ముద్రలకు ఆ తడి తగిలి కొన్నిచోట్ల ఎరుపు పాకింది. అవే బాగున్నాయి.

పెళ్లికి 22 రోజులు

విసనకర్రలు. బీరువా కింది 89 షీట్లు బయటికి వచ్చాయి. ఒక్కో ఏ4లో 20 సెంటీమీటర్ల చక్రం ఒకటి వస్తుంది, మడత అక్కర్లేదు, పగిలే బెంగ లేదు. మిగతావి తెల్ల అట్ట. నడిమికి మేదరి వాళ్ల దగ్గర తెచ్చిన వెదురు పుల్ల.

జిగురు మైదాతో నాయన చేశాడు. గిన్నెడు మైదాను ముందు చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, ఐదు గిన్నెల నీళ్లతో సన్నటి సెగ మీద గాజులా మారేదాకా తిప్పాలి. దించాక చిటికెడు మైలుతుత్తం. అది ఉంటే పురుగు పట్టదు, పులిసి కంపు కొట్టదు. విషం కూడా, కాబట్టి ఆ గిన్నె మళ్లీ వంటింట్లోకి రాదు. అమ్మ ఒక పాత గిన్నెకు నీళ్లు వదులుకుంది. మా ఎండకు కుంచె మీదే జిగురు ఆరిపోతుంటే తడి గోనె కప్పి పని చేశాం.

ముందు ఒకవైపు చక్రం అతికించి ఆరాక రెండో వైపు అతికిద్దామనుకున్నాను. ఆరేసరికి అవి నూనెలో వేసిన అప్పడాలయ్యాయి. జిగురు తడికి కాగితం సాగుతుంది, ఆరుతూ కుదించుకుంటూ రెండో వైపును లాగుతుంది. రెండు ముఖాలూ ఒకేసారి అతికించి, రెండింటి పీచూ ఒకే దిశలో పెట్టి, రాత్రంతా బరువు కింద ఉంచాలి. బరువుకు రుబ్బురోలు పొత్రం, నా పదో తరగతి పుస్తకాలు, ఒక రాత్రి చెల్లెలు.

పెళ్లికి 15 రోజులు

విసనకర్ర ఒకవైపు శ్లోకం, ఇంకోవైపు పెళ్లి క్రమం అచ్చు వేయించాను, పిల్లలు చూసి తర్వాత ఏమిటో తెలుసుకుంటారని. పసుపు కొట్టే రోజు అయ్యవారు వచ్చి ఒకటి తీసుకుని విసురుకుంటూ, విసురుకుంటూ, ఆగారు. "అమ్మా, కన్యాదానం కాకుండానే జీలకర్రా బెల్లం పెట్టించేశారే?"

నాలుగూ ఐదూ తారుమారు. అప్పటికి 210 అయిపోయాయి. రాత్రి ఇంకో రబ్బరు తీసి వంపు తిరిగిన బాణం చెక్కాను, రెండు వైపులా మొన. నాలుగుకూ ఐదుకూ మధ్య ఎర్రగా నొక్కుకుంటూ పోయాను. మిగిలిన 40కి కూడా నొక్కాల్సి వచ్చింది, అచ్చు అప్పటికే అయిపోయింది కదా.

పెళ్లికి 9 రోజులు

బాసికాలు. అట్ట, బంగారు రంగు కాగితం, ముత్యాలు. చూడటానికి బాగున్నాయి గానీ వైశాఖపు చెమటకు నిలుస్తాయా అని అనుమానం. పరీక్షకు నాయన నుదుటికి కట్టి మిట్టమధ్యాహ్నం వంటింట్లో గంట కూర్చోబెట్టాను. ఆయన బాసికంతో చిక్కుడుకాయలు ఒలుస్తుండగా పాలవాడు వచ్చి చూసి, ఏమీ అడగకుండా పాలు పోసి వెళ్లాడు. గంటకు వెనక అట్ట మెత్తబడి ముత్యం ఒకటి జారింది. లోపలివైపు మెత్తటి నూలుగుడ్డ కుట్టి, ముత్యాలను అతికించడం మాని దారంతో ఎక్కించాను. కొన్నిచోట్ల జిగురు కంటే సూదే మేలు.

కనకాంబరాలు క్రేప్ కాగితంతో. ఒక్కో పువ్వుకు ఐదు రెక్కలు, సన్నటి కాడ. క్రేప్‌ను అడ్డంగా లాగితే సాగుతుంది, నిలువుగా లాగితే చిరుగుతుంది, రెక్కను అటు చూసి కత్తిరించుకోవాలి. అసలు కనకాంబరాల మాల ఈ ఎండకు వాడుతుంది, ఇవి వాడవు. అవ్వ తల్లో మాత్రం అసలువే.

పెళ్లికి 4 రోజులు

తోరణాలన్నీ నాయన పనే. గాలిపటాల కాగితం ఎనిమిది పొరలు వచ్చేలా మడిచి కత్తెరతో గీత గీయకుండా కత్తిరిస్తాడు. విప్పితే జాలీ. పక్కింటి పిల్లలు ఆరుగురు చుట్టూ కూర్చుని పురికొసకు అతికించారు. గులాబీ, ఆకుపచ్చ, పసుపు. వాకిలికి మాత్రం నిజం మామిడాకులే. అక్కడ కాగితం మాట ఎత్తే ధైర్యం నాకు లేదు.

పెళ్లికి ఒక రోజు

పట్టీలు చుట్టి అతికించే పేర్ల బోర్డు పూర్తి కాలేదు. చెల్లెలి పేరు అయింది. మరిది పేరులో చివరి రెండు అక్షరాలు పెన్సిలు గీతలుగానే ఉన్నాయి. రాత్రి రెండయింది. గోరింటాకు పెట్టుకున్నాను, ఇక చుట్టలేను. నాయన ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

పెళ్లి రోజు (మర్నాడు రాస్తున్నాను)

పొద్దున పదిన్నరకే పందిట్లో గాలి ఆగిపోయింది. రెండు వందల యాభై విసనకర్రలు ఒకేసారి కదులుతుంటే ఆ చప్పుడు పావురాల గుంపు లేచినట్టు ఉంది. జీలకర్ర, బెల్లం పెట్టే వేళకు వెనక వరుసలో ఒక పిల్లవాడు గట్టిగా "ఇది బాణం తర్వాతది!" అన్నాడు. పెన్సిలు అక్షరాల సంగతి అడిగినవాళ్లు ముగ్గురు. ముగ్గురూ మా వాళ్లే. పెళ్లికొడుకు తరపు వాళ్లు అది ఫ్యాషన్ అనుకున్నారట.

సాయంత్రం విందు మొదలయ్యాక గాలి లేచింది. మట్టివాసన ముందు వచ్చింది, వాన వెనక వచ్చింది, పది నిమిషాలు. మా ఊళ్లో వానను ఎవరూ తిట్టరు, పెళ్లి మధ్యలో వచ్చినా. అందరూ విసనకర్రలు తల మీద పెట్టుకుని నిలబడి నవ్వుతున్నారు. దీపపు గూళ్లు పన్నెండింట్లో తొమ్మిది బతికాయి. తోరణాల రంగు మాత్రం కరిగి కారింది. సరిగ్గా వాటి కింద చిన్నాయన నిలబడి ఉన్నాడు, కొత్త తెల్ల పంచెలో.

పెళ్లయిన మూడో రోజు

లెక్క. పగిలిన ఏ4 కాగితం 900, పెద్ద షీట్లు 950, అచ్చు 1,320, కవర్ల కాగితం 600, పసుపు, పటిక, సున్నం 250, బ్లేడ్లు, జిగురు, పట్టీలు 700. శుభలేఖలకే 4,720 రూపాయలు. బయట చేయిస్తే 3,960. పగిలిన ఏ4 కాగితం విసనకర్రలకు వెళ్లింది కాబట్టి ఆ 900 తీసేస్తే 3,820, అంటే 140 రూపాయలు మిగిలినట్టేనని వాదించాను. అమ్మ వినలేదు.

చిన్నాయన పంచెను చిన్నమ్మ రెండుసార్లు నానబెట్టింది. ఆకుపచ్చ పోయింది, గులాబీ ఉంది. ఉండనివ్వు అన్నాడట.

మధ్యాహ్నం కొత్తజంట ఇంటికి వచ్చారు. భోజనాలయ్యాక మరిది గోడకు ఆనించిన పేర్ల బోర్డు ముందు చాలాసేపు నిలబడి, తన పేరు చివర పెన్సిలు గీతలు చూసి, "ఇవి నేను చుట్టొచ్చా అక్కా?" అని అడిగాడు. పెట్టె ముందుకు జరిపాను. నాయన కుర్చీ లాక్కుని వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ముందు పట్టీ ఎటు ఒరుగుతుందో చూసుకో నాయనా."

మరిది చుట్టాడు. పట్టీ తెగింది. నాయన ఇంకోటి ఇచ్చాడు.